హామీ బరువు

పదో తరగతి గుమ్మంలోంచి మీరూ చూశారుగా? చెప్పండి, ఏం చూశారు? మామూలు క్లాసే అంటారా? అయితే సరిగ్గా చూడలేదన్నమాట.

పిల్లలు వడ్డీ మేడం అని పిలుచుకునే టీచరు బ్యాంకు అప్పుల పాఠం చెబుతోంది. ఒక కుర్రాణ్ణి నిలబెట్టి, "వీడు అప్పు తీసుకుంటున్నాడు. హామీ ఎవరుంటారు?" అంది. వెనక బెంచీలోంచి, ఊళ్ళో కుట్టుకొట్టు నడిపే దర్జీ అక్క కూతురు చెయ్యెత్తింది. అంతే, కుర్రాడి కాళ్ళు నేల వదిలి రెండు మూరలు పైకి లేచాయి. ఆ పిల్ల కింద బెంచీ కిర్రుమంది.

"మేడం, ఫ్యాను తగులుతుంది, దింపండి," అన్నాడు వాడు.

"చూశారా? అప్పు వీడిది, బరువు దానిది," అంది మేడం. పిల్ల చెయ్యి దించాక గానీ వాడు దిగలేదు.

ఆ గదిలో ఇది కొత్తేం కాదు. హెడ్మాస్టారి బాధల్లా బెంచీలు విరిగిపోతున్నాయనే.

గుమ్మం బయట దర్జీ అక్క, పక్కన ఆమె తమ్ముడు. వాడు కొత్త వ్యాను కొంటున్నాడు, అప్పుకి అక్క కుట్టుకొట్టు హామీ. కొట్టు కాగితాలున్న బీరువా తాళంచెవి పొద్దున్నే కూతురి సంచిలో బడికి వచ్చేసింది. మొగుడు పోయాక పిల్లను పెంచిందీ, చదివిస్తున్నదీ ఆ కొట్టే. వారం నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. వద్దు అనే మాట గొంతు దాటడం లేదు.

"ఏమ్మా, ఇలా వచ్చారు?" అంది మేడం.

"తాళం కోసమండీ. తమ్ముడికి నేను హామీ ఉంటున్నా," అంటూ ఆమె లోపలికి వచ్చింది. వెనకే వచ్చిన తమ్ముడు వచ్చినవాడు వచ్చినట్టే పైకి తేలాడు. ఆమె మడమలు నేలలోకి దిగబడ్డాయి.

"మామయ్యా, పైన బాగుందా?" అంది కూతురు.

"హాయిగా ఉందే," అని నవ్వుతూ కిందకి చూశాడు. అక్క కాలు లాక్కోబోయింది, రాలేదు.

"పర్లేదులేరా, అలవాటైపోతుంది," అంది.

వాడి నవ్వు ఆగిపోయింది. "కిస్తీలు ఆగితే కొట్టు పోతుందా, మేడం?"

"పోతుంది. బ్యాంకుకి చుట్టరికాలు తెలియవు."

"ఒక్కసారైనా వద్దనలేదేంటక్కా?"

"నువ్వు నోరు తెరిచి అడిగాక ఎలా అంటానురా?"

"ఇప్పుడను."

ఆమె కూతురి వైపు చూసింది. "వద్దురా," అంది, తనకే వినపడనంత సన్నగా.

తమ్ముడు దబ్బున కింద పడ్డాడు. మోకాలు రుద్దుకుంటూ, "ఎవరైనా అమ్మే పాత వ్యానే కొనుక్కుంటాలే. దానికి నా మోటారు సైకిలు తాకట్టు చాలు," అన్నాడు.

ఆమె కాళ్ళు ఇట్టే పైకి వచ్చేశాయి. నిండుగా ఊపిరి పీల్చుకుంది. తాళం సంగతి మరిచి, కుట్టాల్సిన బట్టలు గుర్తొచ్చి కొట్టుకేసి గబగబా నడిచింది. దారిలో బన్ను కొనుక్కుని, వీధిలోనే నిలబడి మొత్తం తినేసింది.

మొహమాటాన్ని మంచితనమనుకుని కూలిన ఇళ్ళు ఏ వీధిలో లేవు గనక? సరే, మీ సంగతి చెప్పండి. మిమ్మల్ని హామీ అడిగినవాళ్ళకి మీరేమన్నారు?