గంగాదేవి ఆరోగ్యం

మా ఆడపడుచు గంగాదేవి వండిన చేపల పులుసు ఓ పెళ్ళిలో తిని, లిస్బన్‌లో తెలుగు హోటలు నడిపే ఆయన వంటమనిషిగా రమ్మన్నాడు. అక్కడ ఏళ్ళ తరబడి ఉండాలంటే వీసా కావాలి. వీసాకు ఆరోగ్య బీమా కావాలి. బీమాకు ఆరోగ్యం కావాలి. శుక్రవారంలోగా పాలసీ కాగితం పెట్టకపోతే ఇంకో మనిషిని చూసుకుంటానని ఆయన కబురు పెట్టాడు.

రేపల్లెలో బండెక్కి తెనాలిలో దిగాం. విదేశాలకు వెళ్ళేవాళ్ళకు బీమా చేయించే శశిధర్ ఆఫీసు అక్కడే.

"ఈ పాలసీ బంగారం పిన్నిగారూ. అక్కడ మీకేదైనా అయితే శవాన్ని విమానంలో ఉచితంగా తెస్తారు."

"ఎక్కడిదాకా బాబూ?"

"హైదరాబాదు దాకా."

"అక్కణ్ణుంచి రేపల్లెకి నేనే రావాలా?"

అంతలో కంపెనీ డాక్టరు ఫోను వచ్చింది. మాట్లాడేదంతా రికార్డవుతుందని చెప్పి శశిధర్ స్పీకరు పెట్టాడు.

"ఆరోగ్యం ఎలా ఉందమ్మా?"

"ఏం ఆరోగ్యం లెండి డాక్టరుగారూ. మోకాళ్ళు పీకుతున్నాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఏదో ఇలా వెళ్ళిపోతోంది."

అరగంటలో బీమా ఇవ్వలేమని మెసేజి వచ్చింది.

"ఇన్ని జబ్బులున్నట్టు నాకు చెప్పలేదేంటండి?" అన్నాడు శశిధర్.

"జబ్బులేంటి? పొద్దున రెండు తట్టల చేపలు మోసి వచ్చాను."

"మరి అలా చెప్పారేంటి?"

"ప్రయాణం ముందు బాగున్నానంటే దిష్టి తగలదూ!"

నేనూ తలూపాను. వల నిండా చేపలు పడినా, ఏదో కూరకి వచ్చాయనే చెప్పుకునే ఇళ్ళు మావి.

మర్నాడు బాపట్ల వెళ్ళి రక్తం, ఎక్స్‌రే, గుండె పరీక్ష అన్నీ చేయించాం. ఏ లోపమూ లేదని డాక్టరు రాసిచ్చాడు. కంపెనీ ఒప్పుకోలేదు. ఒకసారి రికార్డయిన జబ్బు పరీక్షల్లో లేనంత మాత్రాన పోదట.

గురువారం శశిధర్ ఇంకో కంపెనీకి దరఖాస్తు పెట్టాడు. "పిన్నిగారూ, లేదండి అని తప్ప ఇంకో మాట అనకండి. మీకు పుణ్యముంటుంది."

ఈసారి ఫోన్లో ఓ అమ్మాయి. షుగరా? లేదండి. బీపీనా? లేదండి. ఉబ్బసమా? లేదండి. ముప్పై రెండు జబ్బులనూ గంగాదేవి హాయిగా దాటేసింది.

"ఆఖరిది అమ్మా. 'నేను సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నాను' అని మీ నోటితో మీరు చెప్పాలి."

గంగాదేవి నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. శశిధర్ చేతులు జోడించాడు.

"నేను... సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నానండి" అని, వెంటనే పక్కకు తిరిగి "థూ, థూ, థూ" అంది.

"దగ్గుందా అమ్మా?"

"లేదండి. దిష్టి."

"దిష్టికి మా ఫారంలో గడి లేదమ్మా." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "మా అమ్మా అంతే. దగ్గు లేదనే రాస్తున్నాలెండి."

సాయంత్రానికి పాలసీ వచ్చింది. శశిధర్ కాగితం చేతికిస్తూ, "ఇక భయం లేదు పిన్నిగారూ! ఎంత పెద్ద రోగం వచ్చినా కంపెనీ చూసుకుంటుంది" అన్నాడు.

గంగాదేవి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ముందా మాట వెనక్కి తీసుకో బాబూ."

అతను తీసుకున్నాకే కాగితం అందుకుంది.