చేదుతీగ వాటా

కళింగపట్నంలో బుల్లమ్మ పొద్దున్నే వాకిలి ఊడ్చి, ఎండుచేపలు తిరగేసి, మొగుణ్ణి తిట్టడానికి కూర్చునేది. నూకయ్య ఆవలిస్తూ, ముక్కు కారుస్తూ గోడకి జారబడి ఉండేవాడు. సర్కారు నల్లమందు దుకాణాలు మూయించి ఏళ్ళయినా ఈ మహానుభావుడికి దొంగసరుకు దొరుకుతూనే ఉంది. ఉండ కడుపులో పడందే లేవడు. పడ్డాక అసలే లేవడు!

"ఈసారి పడవలో కునికితే నీ సోటు ఇంకోడికిచ్చెత్తాను బావా," అని బుల్లమ్మ తమ్ముడు లక్ష్ముడు చెప్పిపోయాడు. పడవ అతనిదే. నూకయ్య వేటకెళ్ళకపోతే పొయ్యి వెలగదు. ఆ సిగ్గులేని మొహానికి ఈ సంగతి ఎక్కదే!

చేదుకైనా లేస్తాడని బుల్లమ్మ పెరట్లోని చేదుతీగ ఆకు దూసి అతని నోట్లో కుక్కింది. నూకయ్య ఆవులింత ఆగింది, తీగ ఆవలించింది. అతని వణుకూ దానికే పట్టుకుంది, ఆకుల కొసల నుంచి నీళ్ళు కారాయి. పక్కింటి జగ్గమ్మ చూసి, "పాపం, దానికి కాసింత గంజి పొయ్యే," అని తన పనిమీద పోయింది.

బాధ ఇంకొకరు పడితే ఎంత హాయి! నూకయ్య మందు మానాడా? మళ్ళీ తిన్నాడు. పైగా ధర్మాత్ముడు, ఉండలో సగం తీగ మొదట్లో పాతాడు.

"ఏటి సేసినావు దానికి?"

"వల లాగినోడికి వాటా ఎడతాం గదేటి? నా కట్టం మోసింది, ఎట్టినాను."

"ఓరి నీ తెలివి తగలెయ్య!"

తీగ మత్తుగా వాలిపోయింది. ఇక దాని ఆకు పనిచెయ్యలేదు. ఉన్న మందూ అయిపోయింది. నూకయ్యకీ తీగకీ ఒకేసారి ఆవులింతలు, వణుకు. మందు తెచ్చుకుందామని నూకయ్య పెరటి దడి దాటబోతే తీగ కాలికి చుట్టుకుంది. అతను వలలు కోసే కత్తి తీశాడు.

"కొయ్యి," అంది బుల్లమ్మ. "నీకోసం ఏడిసినదాన్ని కొయ్యి. అంతకన్నా నీసేత ఏటవుతాది?"

తీగ చంటిపిల్లలా వెక్కుతోంది. నూకయ్య చెయ్యి దిగిపోయింది. అక్కడే కూలబడి, దాన్ని ఒళ్ళోకి తీసుకుని, దానితోపాటు వణుకుతూ ఉండిపోయాడు. బుల్లమ్మ జాలిపడలేదు. గంజి మాత్రం రెండు ముంతల్లో తెచ్చింది.

వణుకు ఇద్దరినీ వదిలాక లక్ష్ముడు అతన్ని పడవెక్కించుకున్నాడు. వేటనుంచి వచ్చి నూకయ్య ఆకలిగా కూర్చుంటే, బుల్లమ్మ చేపలు కడిగిన నీళ్ళు ముందు తీగకి పోసి, ఆ తర్వాతే అతనికి కంచం పెట్టింది.

"ముందు దానికేటి? వల లాగొచ్చినోణ్ణి నేను గదా!"

"వల లాగింది అది. నువ్వు అందులో పడ్డ సేపవి."

నూకయ్య తల వంచుకుని తిన్నాడు.