వెనక లేని కోటు

నేను ఒక కోటును. పూర్తి కోటునని చెప్పుకునే హక్కు నాకు లేదు. నాకు రెండు చేతులున్నాయి, కాలరుంది, ఛాతీ ఉంది, వీపు లేదు. అమీర్‌పేటలోని ఒక ఫొటో స్టూడియోలో, అద్దం పక్కనున్న కొక్కేనికి వేలాడుతూ, ఉద్యోగం కోసం వచ్చే పట్టభద్రుల ఛాయాచిత్రాలకు గౌరవం సమకూర్చడం నా వృత్తి. నా మాట వినేముందు నన్ను కూడా కాస్త అనుమానించండి. ఆ అలవాటు మీకు మేలు చేస్తుంది.

పుట్టుకలో నేను సంపూర్ణుణ్ణే. తెనాలిలో మస్తాన్ అనే దర్జీ ఒక పెళ్ళికొడుకు కోసం ముదురు నీలం గుడ్డతో నన్ను కుట్టాడు. రిసెప్షన్‌లో ఆ పెళ్ళికొడుకు ఎవరి కాళ్ళకో దండం పెట్టబోయి వంగినప్పుడు నా నడిమి గుండీ తెగి బిర్యానీ గిన్నెల వైపు దొర్లిపోయింది. దానికి జత దొరకక, ఏదో పాత ఎన్‌సీసీ చొక్కా నుంచి ఊడదీసిన ఇత్తడి గుండీని మస్తాన్ నాకు తగిలించాడు. దాని మీద లంగరు బొమ్మ ఉంది. రెండు నల్ల గుండీల నడుమ ఒక లంగరు: ఆ పొరపాటే తరవాత నాకు ముఖమైంది.

పెళ్ళికొడుకు ఏడాది తిరక్కుండా నాలో పట్టకుండా పోయాడు. నన్ను తన బావమరిది వీరభద్రానికి ఇచ్చేశాడు. వీరభద్రం అప్పటికే హైదరాబాదుకు వచ్చి స్టూడియో పెట్టుకున్నాడు. సన్నవాళ్ళూ లావువాళ్ళూ ఆడవాళ్ళూ మగవాళ్ళూ అందరికీ ఒకే కోటు సరిపోవాలన్న సమస్యకు ఆయన కత్తెరతో సమాధానం కనుక్కున్నాడు. నా వీపు కోసి తీసేశాడు. అప్పటినుంచి నన్ను ఎవరికి తొడిగినా, వెనక రెండు అంచులనూ దగ్గరికి లాగి బట్టల క్లిప్పులు పెట్టేవాడు. కోసిన గుడ్డతో లెన్సు తుడుచుకునేవాడు.

ఆ విధంగా నేను ఎందరి గుండెల మీదనో ఉన్నాను. గుండెలు ఎంత వేగంగా కొట్టుకునేవో నాకు తెలుసు. ముఖాలు అంత వేగంగా అబద్ధం చెప్పగలవని కూడా తెలుసు. స్టూడియో బల్ల మీద కూర్చున్న పిల్లలు ఒకరికొకరు ఇచ్చుకునే సలహాలు విని విని నాకు మనుషుల మీద నమ్మకం సన్నగిల్లింది. రెజ్యూమె ఒక్క పేజీ దాటకూడదని ఒకడు చెబుతాడు. ఒక్క పేజీ ఉంటే ఏమీ చేతకానివాడనుకుంటారని ఇంకొకడు. బలహీనత ఏమిటని అడిగితే 'అతిగా కష్టపడడం' అని చెప్పమంటాడు మరొకడు. అతని జీవితంలో ఆ బలహీనత జాడ నాకైతే కనబడలేదు. చిత్రమేమిటంటే, సలహా ఇచ్చేవాళ్ళలో ఉద్యోగం ఉన్నవాడు ఒక్కడూ ఉండడు. ఉన్నవాడు ఆ వేళకు ఆఫీసులో ఉంటాడు కదా.

స్టూడియో పైఅంతస్తులో చక్రధర్ అనే పెద్దమనిషి ఉద్యోగాలిప్పించే కన్సల్టెన్సీ నడిపేవాడు. ఆయన చొక్కా ఎప్పుడూ నలిగేది కాదు. నలగని చొక్కా అంటే నాకు మొదటినుంచీ అనుమానమే. ఆయన పద్ధతి తేలిక. నిన్నగాక మొన్న చదువు ముగించినవాడి కాగితాల మీద మూడేళ్ళ అనుభవం రాయిస్తాడు. ఆ అనుభవం ఇచ్చిన కంపెనీ ఎక్కడుందో దానికే తెలియదు. జాయినయ్యేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు తన దగ్గరే ఉంచుకుంటాడు. ఫొటో కోసం కింద నా దగ్గరికి పంపుతాడు. వీరభద్రానికి గిరాకీలో సగం పైనుంచే దిగివచ్చేది. అందుకే పైన జరిగేది ఆయన చెవిన పడేది కాదు. నా చెవిన పడేది, చెవులు లేకపోయినా.

ఒక మధ్యాహ్నం స్వరూప వచ్చింది. సిద్దిపేట దగ్గరి పల్లె. మెకానికల్ ఇంజనీరింగ్ ముగించి, ఆరు నెలలుగా హాస్టల్ గదికీ ఇంటర్వ్యూలకూ మధ్య తిరుగుతోంది. సర్టిఫికెట్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుంది. పదో తరగతి నుంచి బీటెక్ దాకా ఆమె చదువుకు సాక్ష్యమంతా అందులోనే ఉంది. ఫొటో దిగి, ఆ ఫైలును పైన ఇచ్చి వెళ్ళాలి. వీరభద్రం నన్ను తొడిగి వెనక క్లిప్పులు పెడుతుంటే ఆమె చెయ్యి వెనక్కి పోనిచ్చి తడుముకుంది.

"అన్నా, గీ కోటుకు ఎనక లేదేంది?"

"ఫొటోలో వెనక ఎవడు చూస్తాడమ్మాయ్? గడ్డం కాస్త ఎత్తు."

"ఇంటర్వ్యూల తిప్పి చూస్తే?"

"నిన్నెందుకు తిప్పుతారు? నీ కాగితాలు తిప్పి చూస్తారు."

"గదే నా భయం," అంది స్వరూప.

అన్నేళ్ళలో నా వీపు గురించి అడిగిన మొదటి మనిషి ఆమె. నాకు సంతోషం కలిగింది. వెంటనే ఆ సంతోషాన్ని కూడా అనుమానించాను.

ఆమె స్టూలు దిగి కౌంటరు దగ్గరికి వెళ్ళింది. దాని మీది గాజు పలక కింద వీరభద్రం నమూనా ఫొటోలు పరిచి ఉంచాడు. ఆమె వేలు ఒక్కొక్క ముఖం మీదుగా కదిలింది.

"ఈ పిల్లగాడు, గీ అక్క, గీ బట్టతలాయన... అందరిది గిదే కోటు. గిదే లంగరు గుండీ. వీళ్ళందర్ని పైన సారే పంపిండా?"

"ఆయనే."

"అందరికి మూడేండ్ల ఎక్స్‌పీరియెన్సేనా?"

వీరభద్రం లెన్సు తుడవడంలో మునిగిపోయాడు. అది తుడిచే గుడ్డ నా వీపేనన్నది ఆమెకు తెలియని సంగతి.

"అందరి కాగితాలు ఒక్క టేబుల్ మీదికి పోతె ఎట్లన్నా?" ఆమె గొంతు తగ్గించింది. "ఒరిజినల్స్ ఇయ్యమంటున్నడు. ఇయ్యాల్నా? అవి పోతె నేను చదివిన అన్న మాటకు సాక్ష్యమే ఉండది."

నేను వీరభద్రం వైపు చూశాను. ఈ ప్రశ్నకు ఆయన జవాబు నాకు కంఠతా వచ్చు. "అందరూ ఇస్తున్నారమ్మా," అన్నాడు, అక్షరం తేడా లేకుండా.

స్వరూప ఆయన్నే చూస్తూ అడిగింది. "జాయినైనంక వాపస్ ఇస్తనంటే నీ కెమెరా ఆయనకిస్తవా అన్నా?"

వీరభద్రం చెయ్యి మెడలోని కెమెరా పట్టీని గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యిని ఆయన గమనించలేదు. ఆమె గమనించింది. వెనక్కి చేతులు పోనిచ్చి తనే క్లిప్పులు తీసి, నన్ను మడిచి స్టూలు మీద పెట్టింది.

అప్పుడే చక్రధర్ మెట్లు దిగి వచ్చాడు. "ఏమ్మా, ఫొటో అయిందా? ఒరిజినల్స్ ఇలా ఇవ్వు, ఇవాళే ఫార్వర్డ్ చేస్తున్నా."

"జిరాక్సులు తీసుకోండ్రి సార్."

"జిరాక్సులు కంపెనీ నమ్మదమ్మా."

"నేను గూడ నమ్మత లేను సార్."

ఆయన నవ్వాడు. "ఇంత అనుమానముంటే ఉద్యోగాలు రావు తల్లీ. పాజిటివ్‌గా ఉండాలి."

ఆమె ఫైలును ఛాతీకి హత్తుకుని నిలబడింది. వెళ్ళేముందు వీరభద్రంతో, "నా డ్రెస్సు మీదనే ఒక ఫొటో తియ్యన్నా," అంది. ఆయన తీశాడు. గడ్డం ఎత్తమని కూడా చెప్పలేదు.

తరవాతి సంగతి ఆ ఫొటోల్లోని బట్టతలాయన నోట విన్నాను. ఒక పెద్ద కంపెనీ చక్రధర్ పంపినవాళ్ళందరినీ ఒకే రోజు పిలిచిందట. అక్కడి అధికారి రెజ్యూమెలను టేబుల్ మీద వరసగా పేర్చి, కాసేపు చూసి, "ఈ కోటు ఎవరిదో ముందు ఆయన్ని లోపలికి పంపండి," అన్నాడట. లంగరు గుండీ ఒక్కటి చాలింది. అందరినీ బయటికి పంపేసి, ఇకపై దరఖాస్తు చేయనక్కరలేదని పేర్లు రాసుకున్నారట.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి పైఅంతస్తుకు తాళం. "నీకు తెలియదా? రోజూ కింద కూర్చుంటావు కదయ్యా!" అని వాళ్ళు వీరభద్రాన్ని నిలదీశారు. ఆయన లెన్సు తుడిచే గుడ్డ కోసం వెతుక్కున్నాడు. పోలీసులు తాళం పగలగొట్టినప్పుడు కొందరి సర్టిఫికెట్లు ఒక గోనె సంచిలో దొరికాయి. తమవి దొరకనివాళ్ళు డూప్లికేట్ల కోసం ఇంకా యూనివర్సిటీ చుట్టూ తిరుగుతున్నారు. తెలివితక్కువతనం వల్ల నష్టపోయారని వాళ్ళను వీధి అంతా విమర్శించింది. నేను అలా అనను. ఆరు నెలలు ఎదురుచూసినవాడికి తెరిచిన ప్రతి తలుపూ తలుపుగానే కనిపిస్తుంది. దాని వెనక గది ఉందో లేదో తొంగి చూసే ఓపిక ఉండదు.

వీరభద్రం నన్ను కొక్కెం నుంచి దింపేశాడు. ఇప్పుడు నేను ప్రింటరు మీద దుమ్ము పడకుండా కప్పిన గుడ్డను. గౌరవం తగ్గిందనుకోవచ్చు. కాని దుమ్ముతో పని నిజాయితీగా ఉంది. అది తనకు మూడేళ్ళ అనుభవముందని చెప్పుకోదు.

మొన్న స్వరూప మళ్ళీ వచ్చింది. జీడిమెట్లలో పంపులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరిందట. అనుభవం ఏమీ లేదని రాసిన కాగితంతోనే వెళ్ళిందట. ఐడీ కార్డుకు ఫొటో కావాలి. సంచిలోంచి ఫ్యాక్టరీవాళ్ళిచ్చిన బూడిదరంగు కోటు తీసింది. మోచేతి దగ్గర అప్పుడే ఒక నూనె మరక.

"మరక ఫొటోలో పడుతుందమ్మాయ్," అన్నాడు వీరభద్రం.

"పడనియ్యన్నా. నాదే."

ఆమె కోటు తొడుక్కుంది. స్టూలు ఎక్కేముందు అద్దం ముందు ఒకసారి వెనక్కి తిరిగి, మెడ తిప్పి వీపు చూసుకుంది. గుడ్డ భుజాల నుంచి నడుము దాకా నిండుగా ఉంది. చేత్తో ఒకసారి తట్టి చూసుకుంది, అప్పటికీ పూర్తిగా నమ్మనట్టు.