ఖుర్షిదా డాక్టరమ్మ చెయ్యి

చపాతీల పిండి కలిపే పని పెళ్ళైన కొత్తల్లోనే బుడాన్ తన మీద వేసుకున్నాడు. ప్రేమ కొద్దీ అనుకునేరు, అదేం కాదు. ఖుర్షిదా కలిపితే పిండి పళ్ళెంలో కుదురుగా ఉండదు, ఎగిరెగిరి పడుతుంది. ఆమె ఎవరి చెయ్యి పట్టి నాడి చూస్తే వాళ్ళ నాడి, వాళ్ళకి నయమయ్యేదాకా, ఆమె వేళ్ళల్లో కొట్టుకుంటూనే ఉంటుంది మరి.

అద్దంకిలో ఇది అందరికీ తెలిసిందే. కూరగాయల బజారులో కనపడితే "మా పిల్లది ఇంకా ఉందా మేడమ్, వేళ్ళల్లో?" అని అడుగుతారు. "చిటికెనవేల్లో కొంచెం ఉందమ్మా, రేపటికి పోద్ది" అంటుంది ఆమె. ఇరవై రెండేళ్ళుగా ఆ కుడి చేతికి సెలవంటూ లేదు. పరుపుల కొట్టు నడిపే బుడాన్‌కి ఆ చెయ్యంటే మహా జాలి. దానికోసమని దూది కూరి చిన్న దిండొకటి కుట్టిపెట్టాడు.

రెండువేల మూడులో పత్తికి పురుగు తగులుకుని, రైతులు మందు మీద మందు కొట్టారు. మందు పురుగుకి తగిలిందో లేదో గానీ మనుషులకి బాగా తగిలింది. బస్టాండు వెనక ఆసుపత్రిలో అరవై మంచాలు, ఆరుగురు డాక్టర్లు. ఆ వేసవిలోనే దాన్ని పట్నంవాళ్ళు కొనుక్కుని, వెంకటనారాయణ గారిని మేనేజరుగా పంపారు. అంతకుముందు గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపినాయన. చెడ్డవాడు కాదు పాపం. ఏ బస్తా ఏ రోజు బయటికెళ్ళాలో ముందే రాసిపెట్టుకోవడం అలవాటు, మనుషులకీ అదే పద్ధతి పెట్టాడు. పురుగుమందు తగిలినవాళ్ళకి రెండు రోజులు. మూడో రోజు ఆఫీసు నుంచి డిశ్చార్జి చీటీ వస్తుంది, డాక్టరు సంతకం పెట్టాలి.

ఒక సోమవారం యలమంద అనే పత్తి రైతుని ట్రాక్టర్లో వేసుకొచ్చారు. మందు కొడుతుంటే గాలి తిరిగి మొహాన పడిందట, నోట్లోంచి నురగ. ఖుర్షిదా మంచం పక్కనుంచి కదలకుండా సూదుల మీద సూదులు వేసి నిలబెట్టింది. బుధవారానికి అతను భార్యతో పరాచికాలాడుతున్నాడు.

"ఏమే వెంకటరావమ్మా, నేను పోతే గేదెని అమ్ముకుందామనుకున్నావా?"

"నువ్వు పోతే బెంగపెట్టుకునేది గేదే, నేను కాదు" అంది వెంకటరావమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడే చీటీ వచ్చింది. ఖుర్షిదా నడిమివేల్లో మాత్రం యలమంద నాడి తప్పటడుగులు వేస్తోంది.

"యలమందా, దిండు మీంచి తలెత్తయ్యా."

అతను బెత్తెడు ఎత్తి, ఊఁహూ, మళ్ళీ పడేశాడు. "మెడ పట్టేసింది మేడమ్" అని నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. ఈ విషం సంగతి ఆమెకి తెలుసు. తగ్గిందనిపిస్తుంది, రెండ్రోజులాగి ముందు మెడ వాలుతుంది, ఆ తర్వాత ఊపిరి ఆగుతుంది. ఆ నెలలో అలా చీటీతో ఇంటికెళ్ళినవాళ్ళ నాడి రెండుసార్లు ఆమె వేళ్ళల్లోనే ఆగింది. ఆ రెండు రోజులూ ఆమె అన్నం ముట్టలేదు.

వెంకటనారాయణ గారు ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. "మీ వేళ్ళని నేను కాదనను మేడమ్. కానీ మీరొక్కరే అంటున్నారు. సంతకం పెట్టండి, లేకపోతే రేపట్నుంచి రావక్కర్లేదు."

భోజనాల గదిలో ఆమె చీటీ బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పింది. మిగతా ఐదుగురు డాక్టర్లూ క్యారేజీల ముందున్నారు. ఎవరి భయాలు వాళ్ళవి. మత్తు డాక్టరు ఇమ్మానియేలు క్యారేజీ మూత పెట్టేశాడు.

"నాకూ ఇట్లాంటి చీటీలు వచ్చాయి మేడమ్. సంతకం పెట్టేశాను. సిగ్గుపడి ఎవరికీ చెప్పలా."

"నేనూ" అంది పిల్లల డాక్టరు నాగజ్యోతి. లేచి వచ్చి ఖుర్షిదా ముందు చెయ్యి చాపింది. "ఇన్నేళ్ళూ ఒక్కరే మోశారు. ఇటివ్వండి, మేమూ పట్టుకుంటాం."

ఇవ్వొచ్చని ఖుర్షిదాకి అప్పటిదాకా తోచనే లేదు. భయపడుతూనే ఆ చెయ్యి పట్టుకుంది. నాగజ్యోతి ఉలిక్కిపడి "అమ్మో, ఇంత తడబడుతోందేంటి!" అంది. ఆమె నుంచి ఇమ్మానియేలుకి, అతన్నుంచి మిగతా ముగ్గురికీ. పంచితే నాడి తగ్గలేదు గానీ, ఖుర్షిదా చేతిలో బరువు మాత్రం తగ్గింది.

అక్కడే కాగితం రాసి ఆరుగురూ సంతకాలు పెట్టారు. పేషెంటు ఎప్పుడు ఇంటికెళ్ళాలో చూసే డాక్టరే చెప్పాలి. ఆఫీసు చీటీ మీద ఎవ్వరం సంతకం పెట్టం. వైద్యం మాత్రం ఒక్క పూట కూడా ఆపం.

కాగితం చదివిన వెంకటనారాయణ గారి మొహం కందగడ్డయింది. "మొదటి సంతకం మీదేగా మేడమ్? మీరు ఇంటికెళ్ళండి."

"అయితే మేమూ వెళ్తాం" అన్నాడు ఇమ్మానియేలు.

"వద్దు బాబూ. నేను పోతాలే. మీరు మాత్రం ఆ మంచం ఖాళీ కానివ్వొద్దు" అంది ఖుర్షిదా.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ముద్ద నోటి దగ్గర పెట్టుకోబోతుంటే నడిమివేల్లో నాడి తూలింది. "బుడాన్, బండి తియ్యి!" అని కేకేసింది. మోపెడ్ మీద దారంతా ఏడుస్తూనే ఉంది. ఎవరూ ఉండరు, నేను వెళ్ళేసరికి ఆగిపోద్ది, ఇది మూడోది అనుకుంది.

వార్డు గుమ్మంలో ఆగిపోయింది. మంచం చుట్టూ ఐదు తెల్లకోట్లు. ఒకరు ఆపరేషన్ గదిలోంచి, ఒకరు టీకొట్టు దగ్గర్నుంచి, ఎక్కడున్నవాళ్ళు అక్కణ్ణుంచే, వేల్లో నాడి తూలగానే పరిగెత్తుకొచ్చారు. ఇమ్మానియేలు అప్పటికే గొంతులో గొట్టం వేసి, రబ్బరు సంచి పిసికి ఊపిరి ఊదుతున్నాడు. ఊపిరి యంత్రం ఆ ఆసుపత్రిలో లేదు. గుంటూరులో ఉన్నవేవీ ఖాళీ లేవన్నారు. ఇంక చేతులే దిక్కు.

వంతులేసుకుని పిసికారు. ఖుర్షిదా కూడా కూర్చుంది, ఆమెని పొమ్మనేవాళ్ళు లేకపోయారు. సాయంత్రం నాగజ్యోతి వంతులో ఫిట్స్ వచ్చిన పసిపిల్లని తెచ్చారు. చుట్టూ చూస్తే గుమ్మంలో వెంకటనారాయణ గారు.

"సార్, కాసేపు పట్టుకోండి" అని సంచి ఆయన చేతుల్లో పెట్టేసింది. ఆమె వేళ్ళు ఆయన వేళ్ళకి తగిలాయి.

ఆయన తెల్లబోయాడు. "ఇదేంటమ్మా, నా వేల్లో..."

"యలమంద సార్. ఆపకండి" అంటూ ఆమె పరిగెత్తింది.

ఆయన ఆపలేదు. మూడు గంటలు పిసికాడు. ఇంటికెళ్తే ముద్ద దిగలేదట, తిరిగొచ్చాడు. ఆరు రోజులూ వంతు తప్పలేదు. ఏడో రోజు గొట్టం తీశారు.

"యలమందా, తలెత్తయ్యా" అంది ఖుర్షిదా.

అతను దిండు మీంచి తల బాగా పైకెత్తి భార్య వంక చూసి, "గేదెకి కుడితి పెట్టావా?" అన్నాడు. వెంకటరావమ్మ బావురుమంది.

అందరి వేళ్ళూ ఒక్కసారిగా నెమ్మదించాయి. వెనక నిలబడ్డ వెంకటనారాయణ గారు తన వేలు చూసుకున్నాడు. "పోయిందండీ. ఏంటో, వెలితిగా ఉంది."

"కొత్తలో అంతేనండి" అంది ఖుర్షిదా.

ఆయన జేబులోంచి ఆ రోజు చీటీలు తీసి నాలుగు ముక్కలు చేశాడు. "పట్నంవాళ్ళకి నేను చెప్పుకుంటాలే మేడమ్" అన్నాడు. తర్వాత పక్క మంచం దగ్గరికెళ్ళి, అక్కడి ముసలాయన్ని "చెయ్యివ్వండి" అని అడిగాడు.

ఆ సాయంత్రం చపాతీల పిండి ఖుర్షిదా కలిపింది. బుడాన్ పళ్ళెం పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు. వార్డులోని నాడుల్ని ఇప్పుడు ఏడు చేతులు మోస్తున్నాయి మరి, పిండి ఎగరలేదు. పసిబిడ్డ నిద్రలో కదిలినట్టు కొంచెం కదిలింది, అంతే. ఆమె పిసుకుతూనే ఉంది, కన్నీళ్ళు టపటపా పళ్ళెంలో పడుతున్నాయి.

"ఏడవమాకు ఖుర్షిదా" అన్నాడు బుడాన్. "ఉప్పెక్కువవుద్ది."