అంచు మెడ దగ్గరికి

తెల్లారి పనికొచ్చేసరికి గోదాము గేటు ముందు షితాయె శవం పడి ఉంది. గుండెల మీద అట్టముక్క: 'నేను విప్లవద్రోహిని.' కాఫీ గింజలు ఏరే మా మూడు వందల మంది ఆడవాళ్లకు అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. సంఘం పెట్టుకుందామన్నదీ ఆ పిల్లే. ఆ అట్ట మేం చదవగలిగామంటే ఆమె చలవే.

"చూడొద్దు! నడవండి లోపలికి!"

సిపాయిలు తుపాకులతో తోశారు. శవాన్ని దాటుకుని పోయాం. నేనూ పోయాను.

ముసలి చక్రవర్తిని దించి సైన్యం గద్దెనెక్కిన రోజు అడిస్ అబాబా వీధుల్లో మేమూ గంతులేశాం. ఇప్పుడా సైన్యాధిపతి మాటే చట్టం. ద్రోహి కోసం ఏడ్చినవాళ్లూ ద్రోహులే.

షితాయె తల్లి బెలైనేష్‌ది నా పక్క చోటే. గింజలు ఏరుతూనే ఉంది.

"ఏడవకమ్మా," అన్నాను గుసగుసగా.

"ఏడవట్లేదే ఎతాగెన్. ఏడిస్తే మిమ్మల్నీ పట్టుకుపోతారుగా."

మధ్యాహ్నం మీటింగన్నారు. నిన్నటిదాకా మా మేస్త్రీ, ఇవాళ పేట కమిటీ పెద్ద అయిన కెటెమా బల్లెక్కాడు, నడుముకు పిస్తోలుతో.

"ద్రోహి చచ్చింది! కొట్టండి చప్పట్లు!"

"కొడదామే, పిల్లలు గలవాళ్లం," అంది నా రెండో పక్కనున్న దింకె.

"కొట్టి, రేపు ఈ తల్లి పక్కన ఎట్లా కూర్చుంటావే?" అంది వెనకామె.

బెలైనేష్ లేచింది. మా పైగుడ్డకు రంగు అంచు కిందికి వేలాడుతుంది. ఇంట్లో చావైతే గుడ్డ తిరగేసి అంచు మెడకు చుట్టుకుంటాం. ఆమె తన గుడ్డ తిరగేసి కప్పుకుంది.

ధైర్యంతో లేచానని చెప్పను. బట్టల్లోనే ఒంటికి పోయింది. అయినా నా చేతులు గుడ్డ తిప్పాయి. తర్వాత దింకె. తర్వాత వరసలకు వరసలు.

"సరిగ్గా కప్పుకోండి!" కెటెమా గొంతు చీలింది. "ఏంటిది?"

"చలేస్తోందయ్యా మేస్త్రీ!" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

ముందు రెండు వరసల్నీ లారీ ఎక్కించారు. జైల్లో ఇరవై ముగ్గురం, ఒకే గది. బయట బూటు చప్పుడైతే చాలు, ఒకరినొకరం పట్టుకునేవాళ్లం.

"ఇక్కడ ఏడవచ్చా?" అనడిగింది బెలైనేష్.

"ఏడువమ్మా."

ఆమె ఏడ్చింది. అందరం ఏడ్చాం, గోడలదిరేట్టు.

మూడోరోజు తలుపు తీసి ఇంకో పదిమందిని తోశారు. మేమెరగని మొహాలు, దారం మిల్లు వాళ్లట. మాలాగే భయంతో పాలిపోయి ఉన్నారు. అంచులు మాత్రం మెడ దగ్గరే.

"కాస్త సర్దుకోండమ్మా," అంది వాళ్లలో పెద్దామె. "లారీలో ఇంకా ఉన్నారు."