పిడుగు పడలేదన్న అల్లుడు

డ్రైవింగ్ నేర్పే మాస్టారు దేవుడితో మాట్లాడటం మానేసింది ఒక పాట వల్ల. చర్చి గాయకబృందంలో తాను పాడాలనుకున్న పాటను సంఘపెద్ద ఇంకొకరికి ఇచ్చాడు. అలిగిన మాస్టారు ముందు బృందం మానేశాడు, తర్వాత చర్చి మానేశాడు. చివరికి కారు తాళం తిప్పేముందు చేసుకునే చిన్న ప్రార్థన కూడా మానేశాడు. ఏమైంది, నెత్తిన పిడుగేమైనా పడిందా అని భార్యతో అనేవాడు.

నిజమే, పిడుగు పడలేదు. నోరు మాత్రం మారింది. ఇదివరకు ఎవరైనా క్లచ్ సరిగ్గా వదలక బండిని కుప్పిగంతులు వేయిస్తే నవ్వి, మళ్లీ చూపించేవాడు. ఇప్పుడు కస్సుమంటున్నాడు. నేర్చుకోవడానికి వచ్చిన నర్సమ్మ ఒకావిడ స్టీరింగ్ పట్టుకునే ఏడ్చి, మర్నాటి నుంచి రాలేదు. ఇంట్లోనూ అంతే. ఆయన బూట్ల చప్పుడు వినగానే పిల్లలు టీవీ కట్టేసి గదిలోకి జారుకునేవాళ్లు. ప్రతి మాటలోనూ తనదే పైచేయి, అయినా ముఖం వేలాడేసుకునే పడుకునేవాడు.

వాళ్లతోనే ఉంటున్న అత్తగారికి చర్చికి తీసుకెళ్లే మనిషి లేకుండాపోయాడు. ఆవిడ పోట్లాడలేదు. నాకే డ్రైవింగ్ నేర్పండి అని కూర్చుంది. ఈ వయసులో ఇదేం సరదా అని కూతురు నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు.

ఒకరోజు మలుపు దగ్గర ఆవిడ సిగ్నల్ వేయబోయి వైపర్లు ఆడించింది. మండుటెండలో అవి అద్దాన్ని టకటకా తుడుస్తుంటే, దారినపోయేవాళ్లు ఆగి చూసేంతగా అరిచాడు మాస్టారు. ఆవిడ నింపాదిగా బండిని పక్కకు తీసి ఆపింది.

“అల్లుడుగారూ, దేవుణ్ణి వదిలేసినా పిడుగు పడలేదన్నారట.”

“పడలేదు కదండీ, అత్తయ్యగారూ.”

“దేవుడు దండించాడని బైబిల్లో ఉంది, కాదనను. వద్దనుకున్నవాళ్లని వాళ్ల దారికే వదిలేశాడని కూడా ఉంది. ఆ దారిలో పండిందే వాళ్లు తిన్నారు. మీరూ అదే తింటున్నారు. మాకూ వడ్డిస్తున్నారు.”

మాస్టారు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. వైపర్లు ఆడుతూనే ఉన్నాయి.

“ఇప్పుడు వెనక్కొస్తే ఆయన నా మొహం చూస్తాడంటారా?”

“ఆయన తిప్పుకుంటే కదండీ. తిప్పుకున్నది మీరు.”

ఆ సాయంత్రం మాస్టారు ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి, డ్యూటీ దిగొచ్చిన నర్సమ్మకు క్షమాపణ చెప్పుకున్నాడు. ఆవిడ కాసేపు బెట్టు చేసి, మళ్లీ అరిస్తే నడిరోడ్డు మీద దిగిపోతానని, బండి ఆయనే తోసుకోవాలని షరతు పెట్టి ఒప్పుకుంది. మాస్టారు ఇంటికొచ్చి పిల్లల మధ్య కూర్చుని టీవీ చూశాడు. వాళ్లు టీవీ మానేసి ఆయన్నే ఓరగా చూశారు. తర్వాత గది తలుపు వేసుకుని మోకరించాడు. పాత ప్రార్థనలేవీ నోటికి రాలేదు. తప్పయింది తండ్రీ అన్నాడు, అంతే. లేచేసరికి కళ్లు తడిగా ఉన్నాయి, ఒళ్లు తేలికైంది.

ఆదివారం బండి అత్తగారే నడిపింది. చర్చి ఆవరణలో పూలకుండీ ఒకటి పగిలింది. చప్పుడు విని బయటికొచ్చిన సంఘపెద్దకు, పద్ధతిగా నేర్పించింది మా అల్లుడేనని ఆవిడ గర్వంగా చెప్పింది. మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వాడు. సంఘపెద్ద కూడా నవ్వి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు.

ఆ పాట ఇంకా వేరే ఆయనదే. మాస్టారు వెనక బెంచీ దగ్గర నిలబడి పల్లవి అందుకున్నాడు. అలవాటు తప్పి తాళం కంటే ముందే పరిగెడుతుంటే, పక్కనున్న అత్తగారు మోచేత్తో పొడిచి నెమ్మది అని సైగ చేసింది.