లాస్ట్ కేజ్ పాటలో డ్రమ్ము ఎవరిది

శ్రీకంఠ ఫోన్ చేశాడని భార్య నాగరత్న చెప్పినప్పుడు సునీల్‌కుమార్ సంగటి ముద్ద తుంచబోతున్నవాడు ఆగిపోయాడు.

"యా శ్రీకంఠ?" అన్నాడు, తెలియనట్టు.

"నీకు ఎంతమంది ఉండారు శ్రీకంఠలు? మళ్ళా చేస్తానన్నాడు. మీ పాటల రికార్డు కొత్తగా వేస్తారంట."

"ఇన్నేండ్ల తర్వాతా? ఎందుకంట?"

"నన్నడిగితే నాకేం తెలుసు? ఆయప్పనే అడుగు."

సునీల్‌కుమార్ అడగదలచుకోలేదు. శ్రీకంఠతో మాట్లాడి నలభై ఏళ్ళవుతోంది. ఒకే రైల్లో కనబడినా తల తిప్పుకునేవాడు. బంగారు మైన్లు మూతపడ్డాక కేజీఎఫ్‌లో సగంమంది లాగానే సునీలూ మారికుప్పంలో తెల్లారి రైలెక్కి బెంగుళూరులో ఫ్యాక్టరీ పనికి పోయి, చీకటిపడ్డాక ఇల్లు చేరేవాడు. ఒకట్రెండుసార్లు శ్రీకంఠ కంటోన్మెంటు స్టేషన్లో ఎదురుపడి చెయ్యెత్తాడు. సునీలు ఆ చెయ్యి ఇంకెవరికో అనుకున్నట్టు నడిచిపోయాడు.

ఒకప్పుడు ఆ ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళే. డెబ్భైలలో కేజీఎఫ్ క్లబ్బుల్లో 'థర్డ్ షిఫ్ట్' బ్యాండు అంటే తెలియని కుర్రకారు లేరు. గిటారు, పాట శ్రీకంఠవి. వాళ్ళ నాన్న మైను ఆఫీసులో క్లర్కు. బేస్ గిటారు ఆంజనప్ప, డ్రమ్ములు సునీల్‌కుమార్. వీళ్ళిద్దరి నాయనలూ చాంపియన్ రీఫ్ గని షాఫ్టులో దిగేవాళ్ళు. కూలీల లైన్లలో పక్కపక్క ఇళ్ళు. ముగ్గురూ కలిసి బెంగుళూరులో ఒక స్టూడియోకి పోయి ఒకే ఒక్క ఎల్పీ రికార్డు చేశారు. దాని పేరు 'లాంప్ రూమ్'. అన్నీ ఇంగ్లీషు రాక్ పాటలే, అన్నీ సొంతంగా కట్టినవే. కొన్ని వందల కాపీలు అమ్ముడై, అంతటితో ఆగిపోయింది.

రికార్డింగు రెండో రోజు మధ్యాహ్నం స్టూడియోకి ఫోను వచ్చింది. షాఫ్టులో ఎయిర్‌బ్లాస్టు అయిందని, లోపల కొండ పగిలిందని, సునీలు నాయన ఆ షిఫ్టులోనే దిగినాడని కబురు. అప్పటికి ఒకే పాట మిగిలి ఉంది. 'లాస్ట్ కేజ్'. షిఫ్టు ముగిశాక మనుషుల్ని పైకి తెచ్చే ఆఖరి బోను గురించిన పాట. సాయంత్రం దాకా ఊరికి రైలు లేదు. "ఇది కొట్టేసి పోతాను" అన్నాడు సునీలు. కొట్టాడు. లోపలున్న భయమంతా చేతుల్లోకి తెచ్చుకుని కొట్టానని, జన్మలో అంత బాగా ఎప్పుడూ కొట్టలేదని అతనికి బాగా గుర్తు. కొట్టి రైలెక్కాడు. నాయనను మర్నాడు పైకి తెచ్చారు. ప్రాణం ఉంది, ఎడమ కాలు పోయింది.

రికార్డు చేతికొచ్చాక ఆ పాట విన్నాడు. అందులో డ్రమ్ము తనది కాదు. రెండో చరణానికి ముందు వరస దెబ్బల రోల్ ఒకటి ఉంది, పొడుగ్గా, మెట్లు దిగినట్టుగా. అది తను ఎన్నడూ వాయించనిది.

"ఎవరిది ఇది?" అని అడిగాడు శ్రీకంఠను.

"నీదే కదప్పా" అన్నాడు శ్రీకంఠ, కళ్ళలోకి చూడకుండా.

ఆంజనప్పను అడిగాడు. అతనూ "నీదే, ఇంకెవరిది?" అన్నాడు. ఆంజనప్ప అమాయకుడు, వాణ్ణి కూడా శ్రీకంఠ మోసం చేసి ఉంటాడని సునీలు తీర్మానించుకున్నాడు. ఇంగ్లీషొచ్చిన క్లర్కు కొడుకు మద్రాసు నుంచి ఎవరో పెద్ద డ్రమ్మరును పిలిపించి, గని కూలీ కొడుకు వాయించింది చెరిపించాడు. ఆ మాట పైకి అనలేదు. క్లబ్బుకి పోవడం మానేశాడు. థర్డ్ షిఫ్ట్ అట్లా ముగిసింది. తర్వాత ఆంజనప్ప చెల్లెలు నాగరత్ననే పెళ్ళి చేసుకున్నాడు. ఆంజనప్ప మైన్లు మూసిన మూడు నాలుగేళ్ళకు రాతిదుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో పోయాడు.

ఇప్పుడు శ్రీకంఠ మళ్ళీ ఫోన్ చేశాడు. సునీలు తీయలేదు. నాగరత్న తీసి స్పీకరులో పెట్టింది.

"సునీలూ, ఇంటాండావు కదా. అనిరుద్ధ అని ఒక పిల్లోడు, సౌండ్ ఇంజినీరు. ఆ స్టూడియో మూతపడింది కదా, దాని టేపులన్నీ యాడో గోడౌన్లో దొరికినాయంట. మన టేపులూ ఉండాయి. వాటిని శుభ్రం చేసి, రీమాస్టర్ చేసి, డీలక్స్ బాక్సు వేస్తారంట. నీ సంతకం కావల్ల."

"ఆమాట చెప్పు ముందు. సంతకం కావల్ల" అన్నాడు సునీలు, ఫోనుకి కాదు, భార్యకి.

అనిరుద్ధ నాగరత్న ఫోనుకి ఒక పాట నమూనా పంపాడు. సునీలు కిటికీ పక్కన కూర్చుని చెవికి ఆనించుకుని విన్నాడు. డ్రమ్ములు ఛాతీ మీద కొట్టినట్టు వినిపిస్తున్నాయి. పాత రికార్డులో రేకు డబ్బాలా ఉండేవి ఇంత గట్టిగా ఎట్లా అయినాయి? పైగా అతని కాలి పెడలు కిర్రుమనేది. ప్రతి దెబ్బకీ ముందు ఆ కిర్రు వినబడేది. ఇందులో లేదు.

"మళ్ళా మార్చినారు" అన్నాడు. "ఈసారి మెషీన్ పెట్టి కొట్టించినారు. నా పేరు వేసుకునేదానికి సంతకం కావల్లంట."

"పోయి చూడరాదా? ఇంట్లో కూర్చుని నా ప్రాణం తినే బదులు" అంది నాగరత్న. అతను ఒక్కడే పోతే తగాదా పెట్టుకుంటాడని తనూ బయల్దేరింది.

స్టూడియో ఇందిరానగర్లో ఒక ఇంటి పైఅంతస్తులో ఉంది. అనిరుద్ధకి ముప్పై ఉంటాయేమో. గడ్డం, చెవికి పోగు. "రండి అంకుల్, రండి ఆంటీ" అని ఎదురొచ్చాడు. శ్రీకంఠ అప్పటికే సోఫాలో కూర్చుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. లేచి నిలబడ్డాడు. సునీలు అతన్ని దాటుకుని యంత్రాల ముందుకు పోయాడు.

"నా పెడలు శబ్దం యాడికి పోయింది?"

"తీసేశాం అంకుల్. క్లీన్ చేసేటప్పుడు అలాంటివన్నీ తీస్తాం. చూడండి." అనిరుద్ధ ఏదో నొక్కాడు. కిర్రుమంటూ పెడలు తిరిగొచ్చింది, దాని వెనకే అదే దెబ్బ, ఛాతీ మీద కొట్టినట్టు. "టేపులో ఉన్నది ఇదే. మీరు కొట్టింది ఇంతే గట్టిగా ఉంది. అప్పట్లో ఎల్పీ అచ్చు సరిగా పడక పలచబడింది. మేం ఒక్క దెబ్బ కూడా కలపలేదు."

 అతను చెప్పింది నిజమేనని సునీలు చెవులకు తెలుస్తోంది. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. అన్ని పాటలూ వేయించుకుని విన్నాడు. తనవే. ఎక్కడా వంక దొరకలేదు.

"లాస్ట్ కేజ్ వెయ్యి" అన్నాడు.

అనిరుద్ధ శ్రీకంఠ వైపు చూశాడు. శ్రీకంఠ గడ్డం గోక్కున్నాడు. "కాఫీ తాగినాక విందామా సునీలూ?"

"ఎందుకు? కాఫీ తాగేలోపల చెరిపేదానికా?"

"అయ్యా!" అంది నాగరత్న.

"నువ్వుండు. నలభై ఏండ్లుగా మనసులోనే అడుగుతాండాను. ఎవణ్ణి పిలిపించినావు మద్రాసు నుంచి? పేరు చెప్పు చాలు."

 శ్రీకంఠ అనిరుద్ధతో, "వెయ్యప్పా. ముందు ఆయప్పది వెయ్యి" అన్నాడు.

టేపు తిరిగింది. గిటారు, బేసు, వాటితో పాటు డ్రమ్ము. సునీలు మొదటి దెబ్బకే తనను గుర్తుపట్టాడు. కిర్రుమనే పెడలు. ఇదీ! చెరిపేశారనుకున్నది ఇక్కడ ఉంది! తలెత్తి నాగరత్న వైపు గర్వంగా చూశాడు.

చరణం సగానికి వచ్చేసరికి ఆ చూపు దించుకున్నాడు. డ్రమ్ము ముందుకు ఉరుకుతోంది. గిటారు పట్టుకోలేక తడబడుతోంది. తర్వాత డ్రమ్ము ఉన్నట్టుండి వెనకపడింది. ఒక చోట ఆగనే ఆగిపోయింది, కర్ర కింద పడిన చప్పుడు, మళ్ళీ ఎక్కడో మొదలైంది. ఇన్నేళ్ళుగా అతని తలలో మోగుతున్న పాట ఇది కాదు.

"ఇది కూడా నువ్వు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆ కర్ర పడిన చప్పుడు గుర్తొచ్చింది. వంగి దాన్ని తీసుకోవడం, తాళం మళ్ళీ దొరక్కపోవడం గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళూ ఎట్లా మరిచిపోయాడో తెలియలేదు.

"ఇంగ రెండో టేపు" అన్నాడు శ్రీకంఠ మెల్లగా. "నువ్వు రైలుకి పోయినాక చేసింది."

ముందు ఖాళీ గరగర. కుర్చీ జరిపిన చప్పుడు. ఎవరో గొంతు సవరించుకున్నారు. తర్వాత ఒక పడుచువాడి గొంతు, పక్క గదిలోంచి పలికినంత స్పష్టంగా.

"శ్రీకంఠా, సునీలుకి మాత్రం చెప్పొద్దప్పా. వాళ్ళ నాయన యాడుండాడో ఏమో పాపం. ఈ పాట బాగా కొట్టినానని ఉండనీ వానికి. నా మీద ఒట్టు, చెప్పొద్దు. ఆఁ, కొడ్తామా?"

కర్రలు ఒకదానికొకటి తగిలాయి. పాట మొదలైంది. రెండో చరణానికి ముందు ఆ రోల్ వచ్చింది, పొడుగ్గా, మెట్లు దిగినట్టుగా.

నాగరత్న లేచి నిలబడింది. "అన్న" అంది. 

ఆంజనప్ప రికార్డులో ఎక్కడా పాడలేదు. అతని గొంతు ఉన్న క్యాసెట్టు గానీ, వీడియో గానీ ఎవరి దగ్గరా లేదు. పాట అయిపోయాక ఆమె యంత్రం దగ్గరికి వచ్చి, "ఆ మాటలు ఇంగోసారి వెయ్యి నాయనా" అంది. అనిరుద్ధ వేశాడు. మళ్ళీ వేయమంది. మూడోసారి విన్నాక కొంగుతో ముఖం తుడుచుకుంది. "దగ్గు లేదు చూడయ్యా" అంది సునీలుతో. "అన్న గొంతు దగ్గు లేకుండా ఎట్లుండేదో మర్చిపోయినాను."

సునీల్‌కుమార్ కుర్చీలో కూర్చున్నాడు. రిహార్సల్ మధ్యలో తను బీడీకి బయటికి పోతే ఆంజనప్ప డ్రమ్ముల ముందు కూర్చునేవాడు. తను తిరిగొచ్చి "లెయ్ లెయ్" అని లేపేవాడే గానీ, వాడేం వాయిస్తున్నాడో ఒక్కనాడూ చెవిపెట్టలేదు.

"బేసు?" అని అడిగాడు శ్రీకంఠను.

"డ్రమ్ము అయినాక మళ్ళా వాడే బేసు కలిపినాడు."

"వాడు చెప్పొద్దన్నాడు, సరే. వాడు పోయి ఎన్నేండ్లాయ? అప్పుడన్నా చెప్పేదానికి నీకేం?"

"ఎట్ల చెప్పేది? వాని కర్మాంతరానికి వచ్చినాను, నువ్వు నా పక్కన కూడా నిలబడలేదు." శ్రీకంఠ గొంతు మొదటిసారి పెరిగింది. మళ్ళీ తగ్గింది. "ఇంగొకటి కూడా ఉండాదిలే. నీది విన్నావు కదా. పాట పాడైపోతుందని నాకూ భయమేసింది. ఆంజనప్ప కొడ్తానంటే వద్దనలేదు. నీ మంచికే అని చెప్పుకున్నాను. అంతా నీ మంచికే కాదు."

ఆ చివరి మాట వల్లనే సునీలుకి మిగతాదంతా నమ్మబుద్ధయింది. అబద్ధం చెప్పేవాడు ఆ మాట చేర్చడు.

అనిరుద్ధ ఇబ్బందిగా కదిలాడు. "అంకుల్, డీలక్స్ బాక్సులో రెండో డిస్కు ఉంటుంది. రిలీజ్ కానివి, స్టూడియోలో మాటలు, అలాంటివి. లాస్ట్ కేజ్‌కి మీరు కొట్టిన టేకు అందులో పెట్టాలనుంది. ఆ మాటలు కూడా. వినేవాళ్ళు చాలా ఇష్టపడతారు."

"నవ్వుకునేదానికా?"

"కావాలంటే సరిచేస్తాను. ఇప్పుడు సాఫ్టువేరులో ఒక్కొక్క దెబ్బనీ జరిపి తాళంలో పెట్టొచ్చు. ఆగిన చోట కూడా పూడ్చొచ్చు. ఎవరికీ తెలీదు."

సునీల్‌కుమార్ కంప్యూటరు తెర మీది గీతల్ని చూస్తూ ఉండిపోయాడు. తను కొట్టానని నమ్మిన పాట, ఈ పిల్లవాడు వేలితో జరిపితే నిజంగా తయారవుతుంది. తన పేరుతో, తన పెడలు కిర్రుతో సహా. ఒక్క క్షణం ఆశపడ్డాడు. దాచుకోవడానికి గ్లాసులో నీళ్ళు తాగాడు.

"వద్దు" అన్నాడు. "ఎవరికీ తెలీదంటావు. యాడో నాలాంటోడు ఒకడు ఉంటాడు. విని, ఇది వీడిది కాదంటాడు. ఎట్లుండాదో అట్లే పెట్టు. కర్ర పడింది కూడా ఉండనీ. అసలు పాటకి డ్రమ్ము ఆంజనప్ప అని వెయ్యి."

"ఆ మాటలు?"

సునీలు భార్య వైపు చూశాడు. నాగరత్న తల అడ్డంగా ఊపింది. "అది మా ఇంటి మాట నాయనా. ఊరందరికీ వద్దు. నా ఫోన్లో మాత్రం వేసివ్వు."

సంతకం పెట్టేముందు సునీల్‌కుమార్ కాగితాలన్నీ రెండుసార్లు చదివాడు. అర్థం కానిచోట శ్రీకంఠను అడగకుండా అనిరుద్ధనే అడిగాడు.

వానలు మొదలయ్యాక బాక్సు వచ్చింది. పోస్టులో పంపుతామంటే వినకుండా శ్రీకంఠ తనే పట్టుకుని రైల్లో వచ్చాడు. వినడానికి ప్లేయరు కూడా సంచిలో వేసుకుని తెచ్చాడు. నాగరత్న మంచం మీద దుప్పటి దులిపి కూర్చోబెట్టింది. అట్ట మీద ముగ్గురూ గని మట్టి పోసిన సైనైడు దిబ్బల ముందు నిలబడి ఉన్నారు, బెల్‌బాటమ్ ప్యాంట్లు, పొడుగు జుట్టుతో. సునీలు ఫొటో చూడలేదు. లోపలి పుస్తకం తీసి అక్షరాలు చూశాడు. 'లాస్ట్ కేజ్' కింద డ్రమ్ము ఎదురుగా ఆంజనప్ప పేరు ఉంది.

"రెండో డిస్కు వెయ్యి" అన్నాడు.

"మొదటిది వినవా?"

"వెయ్యమంటాండానా, రెండోది."

తన టేకు వచ్చేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. వచ్చాక కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వంచి విన్నాడు. దొంగచాటుగా సరిచేసి ఉంటారని అతనికి సగం నమ్మకం. డ్రమ్ము ముందుకు ఉరికింది. వెనకపడింది. ఆగింది. కర్ర కింద పడింది.

సునీల్‌కుమార్ కళ్ళు తెరిచాడు. శ్రీకంఠ అతన్నే చూస్తున్నాడు.

"ఏమప్పా, దొరికిందా ఏమన్నా?"

"లేదు. అట్లే ఉండాది" అన్నాడు సునీలు. బాక్సు మూసి పక్కన పెట్టి, "అన్నం తిని పో. సాయంత్రం రైలుంది" అన్నాడు.